అరబ్బుల గల్లీ దక్కాలు

రాష్ట్రం రెండుగా విడిపోయిన కొన్నేళ్ళకు, వేసవి బదిలీల్లో, నన్ను పులివెందుల నుంచి ప్రొద్దుటూరు సబ్ డివిజనుకు డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా వేశారు. మా శాఖ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఈ పాపంతో ఏ సంబంధమూ లేకుండా ఇప్పుడా కుర్చీల్లో కూర్చున్న పిల్లలకు చుట్టుకుంటుంది. పట్టణాల్లో రోడ్లు, కాలువలు, కమ్యూనిటీ హాళ్ళు కట్టించే శాఖల్లో ఒకటి అనుకుంటే చాలు. డిప్యూటీ ఇంజనీరును వాడుకలో డీఈ అంటారు. అసిస్టెంట్ ఇంజనీరు, అంటే ఏఈ, పని కొలతలు రాస్తాడు. వాటిని డీఈ మళ్ళీ కొలిచి సరిచూసి సంతకం పెట్టాలి. ఆ పైన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే ఈఈ, బిల్లు పాస్ చేస్తాడు. పని చెడితే మెమో డీఈకి వస్తుంది, పని బాగుంటే శాలువా ఈఈకి కప్పుతారు. నా సర్వీసంతటిలో ఈ లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు.

చేరిన వారంలోనే నా టేబుల్ మీదికి వచ్చిన ఫైలు పేరు 'వారసత్వ వీధి అభివృద్ధి'. బంగారు అంగళ్ళ బజారు వెనక అరబ్బుల గల్లీ అని ఒక వీధి ఉంది. నేను జమ్మలమడుగు మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగిన దాన్ని. మా నాన్న మిషన్ బడిలో అయ్యవారు. గుడ్డలకూ చెవి కమ్మలకూ చిన్నప్పటి నుంచీ ప్రొద్దుటూరు వస్తూనే ఉన్నా, ఆ గల్లీ పక్క నుంచి పోయానే గానీ లోపలికి ఎన్నడూ అడుగు పెట్టలేదు. అక్కడివాళ్ళ ముత్తాతలు అరబ్బు దేశానికి దక్షిణాన హద్రమౌత్ అనే చోటి నుంచి సిపాయిలుగా వచ్చారట. నవాబుల కొలువులు పోయాక బంగారు వర్తకుల దగ్గర కాపలాకు కుదిరారట. వాళ్ళ ఇంటిపేర్లు 'బా' అనో 'బిన్' అనో మొదలవుతాయి. మగవాళ్ళ పేరు చివర 'చావూష్' అని ఉంటుంది. అది పాతకాలపు సిపాయి హోదా. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, అంగట్లో మన ప్రొద్దుటూరు తెలుగే. అరబ్బీ అనేది నమాజులోనూ, ఇంటి వస్తువుల పేర్లు కొన్నింట్లోనూ మిగిలింది. ముత్తాతలు ఏ దిక్కు నుంచి వచ్చారో ఆ దిక్కుకే మునిమనవళ్ళు ఇప్పుడు డ్రైవర్లుగా, ఏసీ మెకానిక్కులుగా పోతున్నారు.

ఫైలు మీద సంతకం పెట్టే ముందు సైటు చూడటం రూలు. మా ఏఈని, టేపు పట్టుకునే వర్క్ ఇన్‌స్పెక్టరును వెంటబెట్టుకుని ఎండలో పోయాను. గల్లీ వెడల్పు కొలవడం అయ్యేసరికి మోకాళ్ళు పీకాయి. ఎదురుగా ఒక ఇంటి గుమ్మానికి రెండు పక్కలా, గోడకు ఆనించి, కడప బండలతో కట్టిన అరుగులున్నాయి. ఎవరినీ అడగకుండా ఒకదాని మీద కూర్చుని నోట్సు రాసుకుంటున్నాను. కాసేపటికి గుమ్మం పరదా పక్కకు జరిగి ఒక ముసలామె చెయ్యి బయటికొచ్చింది. ఆ చేతిలో పిడి లేని చిన్న గిన్నె. పాలు పోయని కాఫీ, శొంఠి ఘాటు, ఏలకుల వాసన. తాగాను. మళ్ళీ పోశారు. మూడోసారి పోయబోతుంటే లోపలి నుంచి ఒక పెద్దాయన వచ్చి, వద్దనుకుంటే గిన్నె ఊపి ఇవ్వాలని చెప్పాడు. ఊపి ఇచ్చాను. అప్పుడు గానీ ఆయన నన్ను ఎవరని అడగలేదు.

ఆయన పేరు అవద్ చావూష్. గల్లీలో అందరికీ చావూష్ మామ. గళ్ళ లుంగీ, తెల్ల బనీను, మెళ్ళో తువ్వాల. బంగారు బజారులో చాలా ఏళ్ళు కావలి కాసి మానుకున్నాడు. గిన్నె పట్టుకున్న చెయ్యి ఆయన భార్య జోహరాబీది. నేను ఇంజనీరునని, వీధి బాగు చేయడానికి వచ్చామని చెప్పాను.

"రోడ్డు ఏసుకోండమ్మా, కాలవ తవ్వుకోండి, కరెంటు స్తంభాలు నాటుకోండి. ఈ దక్కాల జోలికి మాత్రం రావాకండి," అన్నాడాయన.

దక్కా అంటే ఆ అరుగే. మన అరుగుకూ దానికీ చూపులో తేడా లేదు, వాడుకలో ఉంది. ఆ పద్ధతంతా తర్వాత నెలల్లో జోహరాబీ ద్వారా తెలుసుకున్నాను. దక్కా మీద ఎవరు కూర్చున్నా ఆ ఇంటి అతిథి. శత్రువైనా సరే, అడుక్కునేవాడైనా సరే, అప్పుడే దిగిన డీఈ అయినా సరే. గహ్వా, అంటే ఆ శొంఠి కాఫీ, తాగి గిన్నె ఊపేదాకా పేరు అడగరాదు, పని అడగరాదు. ఆ ఇంటి గహ్వా తాగిన ఇద్దరు ఆ గల్లీలో ఒకరి మీద ఒకరు చెయ్యి ఎత్తరాదు. దువ్వూరు వైపు నుంచి, పెద్దముడియం వైపు నుంచి గట్టు తగాదాల వాళ్ళు మార్కెట్టుకొచ్చినప్పుడు ఈ దక్కాల మీద కూర్చుని మాట్లాడుకుపోయేవాళ్ళట. బంగారు అంగళ్ళవాళ్ళు ఊరికి పోతే తాళాలు ఈ దక్కా మీదికొచ్చి ఇచ్చేవాళ్ళు. ఇక పెళ్ళి విషయానికొస్తే, అబ్బాయి తరఫు పెద్దలు అమ్మాయి ఇంటి దక్కా మీద కూర్చోవాలి. లోపలి నుంచి గహ్వా వస్తే సంబంధం ఒప్పుకున్నట్టు, రాకపోతే లేచి పోవాలి. నోటితో అవుననడం, కాదనడం ఏదీ ఉండదు. మాట తెగిన ఇంటి ముందు మాత్రం గుమ్మానికి వీపు తిప్పి కూర్చుంటారు. ఆ గల్లీలో అది తిట్టు కన్నా పెద్దది.

చావూష్ మామకు సల్మా అని మనవరాలు ఉంది, బీఈడీ చదువుతోంది. హైదరాబాదు బార్కస్ నుంచి ఆ పిల్లకు సంబంధం వచ్చింది. వాళ్ళూ హద్రమౌత్ వంశాలే, పట్టింపులు మరీ ఎక్కువ. చలికాలం ముగిసే లోపు పెద్దలు వచ్చి దక్కా మీద కూర్చుంటామని కబురు పెట్టారు. అందుకే ఆయన ఆ మొదటి రోజు అంత మాట అన్నాడు.

ఆఫీసుకు తిరిగొచ్చి ఫైలు పూర్తిగా చదివాను. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఎక్కడో మహానగరంలో ఉన్న ఒక కన్సల్టెన్సీ తయారు చేసిన ప్రాజెక్టు రిపోర్టు అది. వీధి మొదట్లో ప్లాస్టర్ గుమ్మటంతో ఆర్చి. రెండు వైపులా ఫైబరు ఖర్జూర చెట్లు. నడుమ సిమెంటు ఒంటె. ఎస్టిమేటులో మొదటి ఐటెమ్, 'ఇళ్ళ ముందు అనధికారిక నిర్మాణాల కూల్చివేత'. అంటే దక్కాలు. కిందికి పోతే ఇంకో ఐటెమ్, 'అరేబియన్ శైలిలో అలంకార ఆసనాల నిర్మాణం'. అంటే ఆ కూల్చిన చోటి ముందే, కాలువ మూత మీద, కాంక్రీటు బెంచీలు. వాటికి రంగు రంగుల టైల్సు, వెనక జాలీ డిజైనుతో నిలువెత్తు ఆనుడు గోడ. కూర్చునే ముఖం వీధి వైపు, ఫోటోలకు అనువుగా. వీపు ఇంటి గుమ్మం వైపు.

అరబ్బు వారసత్వం కాపాడటానికి, అరబ్బులు కూర్చునే అరుగు పగలగొట్టి, అరబ్బుల పేరుతో ఇంకో అరుగు కట్టాలి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటారు గానీ, వీళ్ళు ఆ పిల్లను కింద పడేసి మరీ వెతుకుతున్నారు.

నేను కోపంతో కాదు, కొలతలతో మొదలుపెట్టాను. దక్కాలు కాలువకు ఇవతల, గోడకు ఆనుకుని ఉన్నాయి. రోడ్డుకు అడ్డం లేవు, కాలువకు అడ్డం లేవు. కొత్త బెంచీలు కాలువ మూత మీద కూర్చుంటాయి కాబట్టి ఆ మూత ఇక లేవదు, లేవకపోతే పూడిక తీయడం కుదరదు. ఇది కొత్తగా చేరిన ఏఈకి కూడా తెలియాల్సిన సంగతి. సైటు పరిస్థితిని బట్టి మంజూరైన పనిలో మార్పు చేయాలంటే డీవియేషన్ స్టేట్‌మెంట్ అని ఒకటి పెట్టాలి. ఏ ఐటెమ్ వదిలేస్తున్నాం, ఎందుకు వదిలేస్తున్నాం అని కారణాలతో రాయాలి. కూల్చివేత వద్దు, బెంచీలు వద్దు, ఉన్న దక్కాల్లో కదిలిన బండలు బిగిస్తే చాలని, వాటి మీద కూర్చున్నవాళ్ళకు గహ్వా ఇచ్చే ఆచారం కూడా కారణాల్లో చేర్చి, రాసి పంపాను. డివిజను ఆఫీసులో సమీక్ష రోజు మా ఈఈ దాన్ని తెరిచి కూడా చూడలేదు. మార్పు అంటే మళ్ళీ పై మంజూరు కావాలని, మార్చి దాటితే నిధులు మురిగిపోతాయని అన్నాడు. నేను వదల్లేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచితేనే గదా వారసత్వం అన్నాను.

"ఉన్నదానికి రిబ్బను ఎవరు కడతారు మేడమ్?" అన్నాడాయన. గదిలో అందరూ నవ్వారు. ఆయన నవ్వించాలని అనలేదు, నిజంగానే అడిగాడు.

తర్వాత కన్సల్టెన్సీ తరఫున ఒక ఆర్కిటెక్టు వచ్చాడు. చేతిలో పెద్ద కెమెరా. ప్రచార వీడియో కావాలట. గల్లీలో లుంగీలు కట్టుకుని తిరుగుతున్న మనుషులను చూసి ఆయన ముఖం వాడిపోయింది. వీళ్ళు అరబ్బుల్లా లేరని నాతో ఇంగ్లీషులో వాపోయాడు. తెల్ల జుబ్బాలు, తలగుడ్డలు తెప్పిస్తానన్నాడు. ఆ లుంగీ హద్రమౌత్ నుంచి వచ్చిన కట్టేనని, సముద్రం దాటి వాళ్ళతో వచ్చిన సామానులో ఇప్పటికీ ఒంటి మీద మిగిలింది అదొక్కటేనని నేను చెప్పినా చెవికెక్కలేదు. రెండు మాటలు అరబ్బీలో చెప్పమని చావూష్ మామను అడిగాడు. ఆయన ఫాతిహా చదవబోతే, ప్రార్థన వద్దు, మామూలు సంభాషణ కావాలన్నాడు. చివరికి ఒంటె మాట ఎత్తాడు. మీ తాతలు ఒంటెల మీద ఎడారి దాటి వచ్చిన కథ చెప్పమన్నాడు.

చావూష్ మామ ఆయన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "మా తాతలు ఒంటె మీద యాడొచ్చినారప్పా? పడవలో వచ్చినారు. రేవులో దిగి ఎద్దుల బండెక్కినారు. ఒంటెను నేను సర్కసులో సూసినా," అన్నాడు.

వీడియోలో ఆ ముక్క లేదు. మర్ఫా డప్పులు మాత్రం ఉన్నాయి, వాటి శబ్దం తీసేసి ఏదో అరబ్బు పాట అతికించారు. ఆ డప్పులను పెళ్ళి ముందు నిప్పుల సెగ మీద కాచి, తోలు బిగిసిందో లేదో చెవి దగ్గర తట్టి చూసి వాయిస్తారు. గల్లీవాళ్ళు పని మానుకుని ఒక పూటంతా వాయించారు. ఆ వాయిద్యం ఎవరికీ వినబడకుండా చేసి దాన్నే వారసత్వ ప్రచారం అన్నారు.

నా చేతిలో ఉన్నది ఒక్కటే, పనుల వరస. ఏది ముందు, ఏది వెనక అని నిర్ణయించే అధికారం డీఈది. ఆర్చి ముందు, దీపాలు తర్వాత, కూల్చివేత అన్నిటికన్నా చివర అని కాంట్రాక్టరుకు రాతపూర్వకంగా ఇచ్చాను. సల్మా సంబంధం కుదిరేదాకా నెట్టుకొస్తే చాలనుకున్నాను. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. మా ఆఫీసులో పూజారి వరమిచ్చినా దేవుడు ఇవ్వడు. నాకు అప్పుడు జమ్మలమడుగు సబ్ డివిజను కూడా అదనపు బాధ్యతగా ఉంది. నేను పెద్దముడియం దగ్గర ఒక కల్వర్టు చూడటానికి పోయిన రోజు, ఈఈ ఫోనులో కాంట్రాక్టరుకు చెప్పి జేసీబీని గల్లీలోకి పంపించాడు. ప్రారంభోత్సవానికి పెద్ద మనిషి తేదీ ఇచ్చేశాడట.

మా వర్క్ ఇన్‌స్పెక్టరు ఫోను చేశాడు. నేను వచ్చేసరికి గల్లీ రెండు వైపులా గోడలకు అడుగున పచ్చి గాయాల్లా సున్నం ఊడిన ఎర్ర మట్టి కనిపిస్తోంది. గుమ్మాల ముందు ఏమీ లేదు. మగవాళ్ళు గోడలకు ఆనుకుని నిలబడి ఉన్నారు. కూర్చోవడానికి చోటు లేదు కాబట్టి నిలబడ్డారని నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. జోహరాబీ పరదా వెనక నుంచే అడిగింది.

"బండలు యాడికి తీసకపోయినారమ్మా? పగలగొట్టినోళ్ళు పగలగొట్టినారు. రాళ్ళు మావి గదా?"

ఆ ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబుంది, అది మా స్పెసిఫికేషన్లోనే ఉంది. కూల్చిన దాంట్లో పనికొచ్చే సామాను ఏదైనా సరే, రాయి గానీ కర్ర గానీ, సైటులోనే పేర్చి అప్పగించాలి. కాంట్రాక్టరు పట్టుకుపోవడానికి లేదు. పాత కడప బండ, తరాల తరబడి మనుషులు కూర్చుని నున్నబడినది, ఎంత గిరాకీ అయిందో ఈ మధ్య అందరికీ తెలుసు. కాంట్రాక్టరును అడిగితే ఈఈ సారు తీసేయమన్నాడని మాత్రమే చెప్పాడు, ఎక్కడికో చెప్పలేదు. జేసీబీ డ్రైవరును అడిగితే చెప్పేశాడు. దువ్వూరు రోడ్డులో ఎవరిదో తోట బంగళాలో నేలకు పరుస్తున్నారు.

జీపు వేసుకుని పోయాను. ట్రాక్టరు ఇంకా దించుతూనే ఉంది. నేను అరవలేదు. ఇవన్నీ తిరిగి గల్లీలో పేర్చకపోతే కూల్చివేత ఐటెమ్‌కు కొలతలు సరిచూసి సంతకం పెట్టనని, నా సంతకం లేని కొలతకు బిల్లు ఎలా పాసవుతుందో మీ ఈఈ సారునే అడగమని కాంట్రాక్టరుకు ఫోనులో చెప్పాను. దించిన బండలే మళ్ళీ ఎక్కాయి. గల్లీలో దింపుతుంటే ఒక వింత చూశాను. ఏ రాయి ఏ ఇంటిదో ఎవరినీ అడగాల్సిన పని పడలేదు. ఒకరు నునుపును బట్టి, ఒకరు పగిలిన మూలను బట్టి ఎవరిది వాళ్ళు పోల్చుకున్నారు. జోహరాబీ ఒక బండ అంచు మీద గుంట తడిమి చూసింది. అత్త కాలం నుంచి ఆ ఇంట్లో శొంఠి కొట్టింది ఆ అంచు మీదే.

రాళ్ళయితే వచ్చాయి. దక్కాలు కట్టడానికి మాత్రం చోటు లేదు. ఎదురుగా బెంచీలు లేచాయి, గుమ్మాలకు వీపు పెట్టి. నేను సెలవు పెట్టి ఊరుకుని ఉండవచ్చు, కానీ పెట్టలేదు. కాలువ సంగతి మళ్ళీ రాశాను. ఈసారి జవాబు కూడా రాలేదు.

ప్రారంభోత్సవం నాడు నిజం ఒంటెనే తెచ్చారు, సిమెంటుది ఆరలేదని. ఎక్కడి నుంచి తెచ్చారో గానీ పాపం దానికి గల్లీ ఇరుకై తిరగలేక నిలబడిపోయింది. కడప నుంచి హోటలు వాళ్ళు వచ్చి 'అరేబియన్ మండీ' అని బోర్డు పెట్టుకుని స్టాలు వేశారు. ఆ గల్లీలో గోధుమలూ మాంసమూ రాత్రంతా ఉడికించి హరీస్ చేసే ఆడవాళ్ళు ఇంటికొకరు ఉన్నారు. పెద్ద తాంబాళం నడుమ పెట్టుకుని నలుగురైదుగురు ఒకే పళ్ళెంలో తింటారు. వాళ్ళను ఎవరూ ఒక్క మాట అడగలేదు. పైగా వండిన వాసన రాకుండా పొద్దున్నే పొయ్యిలు ఆర్పమని చెప్పిపోయారు.

ముఖ్య అతిథి రిబ్బను కత్తిరించి, నడుచుకుంటూ వచ్చి, చావూష్ మామ ఇంటి ముందు బెంచీ మీద కూర్చున్నాడు. కెమెరాలన్నీ అక్కడికి చేరాయి. మైకు పట్టుకున్న అమ్మాయి, ఇక్కడి సంప్రదాయం ప్రకారం ఇప్పుడు ఈ ఇంటి నుంచి అరబ్బు కాఫీ వస్తుందని ప్రకటించింది. ఆ ముక్క ఆమె చేతి కాగితంలోకి ఎక్కింది, ఎవరో తర్వాత తెరిచి చూసిన నా డీవియేషన్ స్టేట్‌మెంట్ నుంచే. వద్దన్న కారణాన్ని కార్యక్రమంగా మార్చుకున్నారు. అందరూ ఎదురు చూశారు. పరదా కదల్లేదు. ఎదురింటి పరదా కదల్లేదు. గల్లీ మొత్తం మీద ఒక్క గిన్నె బయటికి రాలేదు. మా ఈఈ చెమటలు కక్కుతూ నా దగ్గరికొచ్చి, మీ మాట వింటారు గదా, వెళ్ళి చెప్పండి మేడమ్ అన్నాడు.

ఆనుడు గోడ చుట్టూ తిరిగి గుమ్మం దగ్గరికి పోయాను. చావూష్ మామ గడపలో నిలబడి ఉన్నాడు. లోపల శొంఠి వాసన వస్తూనే ఉంది.

"ఆయప్ప మా దక్కా మీద కూచ్చోలేదమ్మా. సర్కారు బెంచీ మీద కూచ్చున్నాడు, మా గడపకు ఈపు పెట్టి," అన్నాడు. "సర్కారు అతిథికి సర్కారే ఇయ్యాల గహ్వా."

నేను వెనక్కి వచ్చి ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు మా ఈఈకి చెప్పాను. ఒక్క అక్షరం తగ్గించలేదు. ఆయన ముఖం చూసి నాకు ఎంత తృప్తి కలిగిందో దాచుకోను. హోటలు స్టాలు నుంచి కాగితం కప్పుల్లో టీ తెప్పించి ఫోటో పూర్తి చేశారు.

ఆ మరుసటి వారమే బార్కస్ పెద్దలు వచ్చారు. జోహరాబీ నన్ను కూడా పిలిచింది. రెండు కార్లు గల్లీ మొదట్లో ఆగాయి, ఆర్చి కింద సిమెంటు ఒంటె అడ్డం ఉంది కాబట్టి. ఐదారుగురు పెద్దలు, ఒకాయన నడుముకు వంపు తిరిగిన జంబియా కత్తి. పెళ్ళి మాటల నాడు దాన్ని పెట్టుకోవడం వాళ్ళ ఆచారం. ఇంటి ముందుకొచ్చి ఆగిపోయారు. ఉన్న ఆసనం ఒక్కటే, ఆ బెంచీ. దాని మీద కూర్చుంటే అమ్మాయి ఇంటికి వీపు. పిల్లనడగడానికి వచ్చి మాట తెగినట్టు కూర్చోవడం. ఆ కత్తి కట్టుకున్న పెద్దాయన బెంచీ వైపు చూశాడు, గుమ్మం వైపు చూశాడు, తనవాళ్ళతో ఉర్దూలో మెల్లగా ఏదో అన్నాడు. ఇక్కడ మమ్మల్ని కూర్చోనిచ్చే ఉద్దేశం ఉందా లేదా అన్నది ఆ మాట. లోపల సల్మా పరదా సందులోంచి చూస్తోంది. సిమెంటు కలిపి ఫోటోలు దిగినవాళ్ళ తప్పుకు ఈ పిల్ల సంబంధం తప్పిపోతుందేమోనని నాకు భయం వేసింది.

లోపలికి రండి, మంచాలున్నాయి, కుర్చీలున్నాయి అనొచ్చు. చావూష్ మామ అనలేదు. గహ్వా అందేదాకా వాళ్ళు లోపలికి రాకూడదు, దక్కా మీద కూర్చోకుండా గహ్వా అందకూడదు. ఆయన తువ్వాల నడుముకు బిగించి, గోడ పక్కన పేర్చిన తన బండల దగ్గరికి పోయాడు. ఇరుగు పొరుగు మగవాళ్ళు ఎవరూ పిలవకుండానే వచ్చారు. బెంచీ వీపు గోడకూ ఇంటి గోడకూ నడుమ మనిషి పట్టేంత సందు మిగిలింది. అక్కడ రెండు బండలు నిలువుగా ఆనించి, పైన శొంఠి గుంట ఉన్న బండ అడ్డంగా పెట్టారు. సున్నం లేదు, సిమెంటు లేదు. నేను దగ్గరికి పోయి మూల ఊగుతున్న చోట ఒక చిన్న రాతి ముక్క దూర్చాను. ఇంజనీరుగా ఆ గల్లీలో నేను సొంతంగా చేసిన పని అదొక్కటే.

ఇరుకులో ఒక్కడే పడతాడు. కత్తి కట్టుకున్న పెద్దాయన పక్కకు తిరిగి, మోకాళ్ళు బెంచీ గోడకు తగులుతుండగా, ముఖం గుమ్మం వైపు పెట్టి కూర్చున్నాడు. మిగతావాళ్ళు నిలబడ్డారు. ఆయన కూర్చున్న బండ కదులుతుందా అని నేను దాన్నే చూస్తున్నాను. పరదా కదిలింది. గిన్నె బయటికొచ్చింది.

తాగి, ఊపి, తిరిగి ఇచ్చేటప్పుడు ఆయన బెంచీ గోడ మీద చెయ్యి వేసి అడిగాడు, ఇది ఎవరు కట్టారని.

"ఎవురో దారిన పోయేటోళ్ళులే బావా," అన్నాడు చావూష్ మామ. "పోయినారు."

ఆ తర్వాత నెలలో మిగతా ఇళ్ళవాళ్ళూ అదే ఇరుకులో తమ తమ బండలు పేర్చుకున్నారు. నాకు మెమో వచ్చింది. కూల్చిన సామాను సకాలంలో సైటు నుంచి తరలించకపోవడం వల్ల తిరిగి ఆక్రమణలు జరిగాయట. స్పెసిఫికేషన్ పేరా జతచేసి జవాబిచ్చాను. మళ్ళీ ఎవరూ అడగలేదు, ఎందుకంటే అడిగితే తోట బంగళా సంగతి పైకొస్తుంది. మా ఈఈకి ఆ ఏడాది శాలువా కప్పారు. ఈశాన్య రుతుపవనాల వానలకు కాలువ పూడి నీళ్ళు ఇళ్ళలోకి వచ్చాయి. మూత తీయడానికి మా శాఖవాళ్ళే వచ్చి బెంచీలు చాలావరకు పగలగొట్టారు. మిగిలిన వాటి మీద ఎండాకాలంలో మిరపకాయలు ఎండబోస్తారు.

నేను రిటైరయ్యే నాటికి మా శాఖ ఆస్తుల పట్టికలో ఆ కాంక్రీటు బెంచీలన్నీ, పగిలిపోయినవి కూడా, వారసత్వ ఆస్తులుగానే ఉన్నాయి. బండల దక్కాలు ఆక్రమణలుగానే ఉన్నాయి. మార్చమని రెండుసార్లు రాశాను, మార్చలేదు. ఈ పని నాకు నేర్పింది ఒక్కటి. వీధి పని ఏదైనా సరే, ఎస్టిమేటులో మొదటి ఐటెమ్‌గా కూల్చివేత కనబడితే, ఆ వీధిలో మనుషులు ఎక్కడ కూర్చుంటున్నారో కనుక్కుని, పోయి అక్కడ కూర్చోవాలి. వాళ్ళు తాగమన్నది తాగి, అడిగినదానికి జవాబు చెప్పి, ఆ తర్వాతే పెన్ను తీయాలి. మిగిలిన సర్వీసంతా నేను అట్లాగే చేశాను. ఒక ప్రమోషను ఆలస్యమైంది, ఈఈ అయ్యాక రెండు శాలువాలు పోయాయి.